చందు అడిగిన పర్సు

భవ్యశ్రీ గౌను అంచు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, బాత్రూం గడప దగ్గర నిలబడి, "మమ్మీ, సుసూ" అని కేకేసిందంటే చాలు, వంటింట్లో వనజ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఆ పిల్లకు రెండేళ్ళు నిండి మూడు నెలలు. వనజ కొడుకు చందు దానికంటే ఐదు నెలలు పెద్ద. పెద్దవాడేమో హాల్లోనో, మంచం మీదో, ఒకసారి ఏకంగా బియ్యం డబ్బా పక్కనో పని కానిచ్చేస్తున్నాడు. చిన్నదేమో కలెక్టరమ్మలా గడప దగ్గర నిలబడి ముందుగా కబురు పంపుతోంది.

మంచిర్యాలలో అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లది. పెద్దవాడు, వనజ మొగుడు భానుప్రసాద్, మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతాడు. చిన్నవాడు బొగ్గు లారీల ఆఫీసులో పనిచేస్తాడు. అతని భార్య మమతారాణి, వాళ్ళ బిడ్డే భవ్య. అత్త శంకరవ్వ ఖానాపూర్ దగ్గరి ఊళ్ళో పత్తి చేను వదిలి రాదు. వచ్చిన నాలుగు రోజులైనా ఆమె మోకాళ్ళు పట్టేయకుండా ఉండాలని కొడుకులు కుర్చీలా కూర్చునే కమోడ్ పెట్టించారు. ఇల్లంతటికీ బాత్రూం అదొక్కటే.

ఆ బాత్రూమును ఇప్పుడు మమతారాణి ఏలుతోంది. కమోడ్ మీద పెట్టే పసుపుపచ్చ చిన్న సీటు, కాళ్ళు వేలాడకుండా కింద పీట, పనయ్యాక మూత దించి బిగించడానికి ఒక రబ్బరు బెల్టు. "పిల్లలు వంగి తొంగి చూస్తరక్కా. తల బరువెక్కువ గద, అట్లనే లోపలికి పడ్తరు" అని చెప్పి మరీ తెప్పించింది. బకెట్లలో నీళ్ళు నిలవ ఉంచనివ్వదు, బోర్లిస్తుంది. కమోడ్‌లో కాగితం ముక్క కూడా వేయనివ్వదు. యాసిడ్ సీసాను సజ్జ మీదికి ఎక్కించింది. పిల్లలు లోపల గొళ్ళెం పెట్టుకుంటే తీసే దిక్కుండదని లోపలి గొళ్ళెమే ఊడదీయించి, బయట, పైన పెట్టించింది. దాంతో ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్ళినా, లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి దగ్గుతూనో పాడుతూనో ఉండాల్సి వస్తోంది. భానుప్రసాద్‌కు పాట రాదు.

"ఇగ నాకు దమ్ము రోగమున్నదని వాడకట్టంత అనుకుంటరు" అని అతను నవ్వాడు.

వనజ నవ్వలేదు. ఆ బెల్టు, ఆ పీట, ఆ బోర్లించిన బకెట్లు, అన్నీ కలిసి 'నీకు పిల్లగాణ్ణి పెంచుడు రాదు' అని తన ముఖం మీదే అంటున్నట్టుండేది. అందుకే తను బాత్రూంలోకి వెళ్ళినప్పుడు ఆ బెల్టు బిగించకుండానే బయటికి వచ్చేది.

జూన్‌లో పిల్లలిద్దరినీ కాలేజీ రోడ్డులోని పిల్లల బడిలో వేద్దామనుకున్నారు. అక్కడి మేడం ఒకటే మాట చెప్పింది. "ఒంటికి, దొడ్డికి చెప్పుకునే పిల్లల్నే తీస్కుంటం. పదో తారీఖు నాడు పట్టుకరాండ్రి, పొద్దంత కూసోబెట్టి చూస్త." ఇంకా పన్నెండు రోజులుంది. భవ్య బడికి పోతుంది, చందు ఇంట్లో ఉంటాడు. చిన్నదానికి యూనిఫాం, చిన్నదానికి బ్యాగు, గేటు ముందు చిన్నదానికి ఫోటో. ఆ ఫోటోను మమత తన ఫోన్లోంచి చుట్టాలందరికీ పంపడం కూడా వనజ కళ్ళకు కట్టేది. ఒళ్ళు మండిపోయేది.

నిజానికి చందుకు ఇవన్నీ నేర్పాల్సిన నెలల్లో వాడు తన దగ్గర లేడు. చలికాలం మొదట్లో వనజకు కామెర్లు వచ్చాయి. తగ్గి మళ్ళీ తిరగబెట్టాయి. శంకరవ్వ వచ్చి మనవణ్ణి ఊరికి ఎత్తుకుపోయింది. వాడి అసలు పేరు రాంచందర్, చనిపోయిన తాత పేరు. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి శంకరవ్వ వాణ్ణి "పెద్దాయిన" అంటుంది. మామ పేరు పెట్టి తిట్టినట్టవుతుందని వనజ కూడా "చందు" దాటి పోదు. పత్తి ఏరడం అయిపోయాక ఆ పెద్దాయన తిరిగి వచ్చాడు, బుగ్గలు వచ్చి, నాలుగు మాటలు నేర్చి. ఆ నాలుగింటిలో గట్టిగా పలికేది ఒకటే, "పర్సా."

వచ్చిన రోజే కొంగు లాగి "పర్సా, పర్సా" అన్నాడు. వనజ మురిసిపోయి చేతిసంచిలోంచి పర్సు తీసి ఇచ్చింది. వాడు దాన్ని విసిరికొట్టి, నిలబడ్డ చోటే నిక్కరు తడిపి, గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ అదే తంతు. పర్సు అడుగుతాడు, ఇస్తే కోపం, ఇవ్వకపోతే ఏడుపు, ఆ వెంటనే నిక్కరు ఖరాబు. మధ్యాహ్నమైతే "జోప్" అంటాడు. జోబు అంటున్నాడేమోనని చొక్కా జేబులో నాలుగు పుట్నాలు పోస్తే, కళ్ళు నులుముకుంటూ ఇంకా ఏడుస్తాడు.

ఎదురింటి పోశవ్వ తన గడపలో కూర్చుని ఇదంతా చూసి నవ్వేది. "పర్సు, జోబు తప్ప ఇంకో మాట లేదేందే నీ కొడుక్కు? పెద్దగైతే ఫైనాన్స్ పెడ్తడు తీయ్!"

చివరికి వాడి గోల పడలేక, జిప్పు ఊడిపోయిన పాత ఎర్ర పర్సు ఒకటి వాడికే ఇచ్చేసింది వనజ. అత్తకు మాత్రం ఫోన్లో ఏమీ చెప్పలేదు. చెబితే ఆమె "మరి చిన్నకోడలు బిడ్డనో?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా నిక్కర్లు ఉతుక్కోవడం నయం.

ఒకనాడు మమతే అడిగింది. "అక్కా, ఒక్క వారం చందును నాకు ఇడిసిపెట్టు. భవ్యతోని కూసోబెడ్త. దాన్ని సూసి నేర్సుకుంటడు."

"ఎందుకు, నాకు సాతగాదనా?"

"అయ్యో, గట్లెందుకంటనక్కా."

"నా కొడుకు నీ బిడ్డను సూసి నేర్సుకునే గతి ఇంకా పట్టలే."

మమత బకెట్ బోర్లించి వెళ్ళిపోయింది. అలా మాట్లాడకుండా వెళ్ళిపోవడం కూడా వనజకు పొగరులాగే కనిపించింది.

ఆ గురువారం పొద్దున బాత్రూంలోంచి మమత గొంతు వినిపించింది. "అక్కా, జర ఇటు రా. నీళ్ళు దిగుతలేవు. పైకొస్తున్నయ్."

వనజ వెళ్ళి చూసింది. కమోడ్‌లో నీళ్ళు అంచు దాకా వచ్చి కదలకుండా నిలబడ్డాయి. ఇంకోసారి ఫ్లష్ నొక్కితే నేల మీదికి దిగేట్టున్నాయి. అది చూడగానే వనజ మనసులో ఒక ఆలోచన మెరుపులా వచ్చింది. ఆ వెంటనే గొంతులోకి తియ్యదనం వచ్చింది.

"మమతా, భవ్య బాతుబొమ్మ ఏదే? రెండ్రోజుల సంది కనపడ్తలే?"

"అది గట్ల ఎయ్యదక్కా."

"పిల్లలు గదనే, మనమెట్ల చెప్తం? సుసు చెప్పుడు వేరు, గిది వేరు."

మమత ముఖం వాడిపోయింది. మంచాల కింద, అలమారా వెనక వెతకడం మొదలుపెట్టింది. వనజ ఆ పొద్దున తన చాయ్‌లో ఒక చెంచా చక్కెర ఎక్కువే వేసుకుంది. ప్లంబర్ బాబు మియాకు ఫోన్ చేస్తే రేపు పొద్దుగాల వస్తానన్నాడు. రానీ. అందరి ముందూ, మమత చూస్తుండగా, ఆ బాతు బయటికి రావాలి. అప్పుడు ఏమనాలో కూడా వనజ అనుకుని పెట్టుకుంది. "పోనీ తీ మమతా, పిల్లలన్నంక ఏస్తరు" అనాలి, అదీ నవ్వుతూ.

మధ్యాహ్నం అన్నాలయ్యాక భవ్య బాతును చంకలో పెట్టుకుని హాల్లో తిరుగుతూ కనిపించింది. ఉతికిన బట్టల మూటలో దొరికిందట.

వనజ మనసులో ఎర్ర పర్సు మెదిలింది. లేచి చందు ఆటసామాన్ల బుట్ట తిరగేసింది. దిండ్ల కింద చూసింది, చెప్పుల స్టాండు వెనక చూసింది. ఎర్ర పర్సు ఎక్కడా లేదు. నిన్న సాయంత్రం వాడు దాన్ని పట్టుకుని బాత్రూం వైపు నడవడం, తాను ఫోన్ మాట్లాడుతూ చూసీ చూడనట్టు ఊరుకోవడం ఇప్పుడు గుర్తొచ్చాయి. మూతకు బెల్టు లేదన్న సంగతి కూడా.

రేపు బయటికి వచ్చేది తన పర్సు. చూసేది మమత.

మమత పిల్లను పక్కన వేసుకుని కునుకు తీస్తోంది. వనజ చప్పుడు చేయకుండా పీట ఎక్కి, సజ్జ మీది యాసిడ్ సీసా దించింది. సైకిల్ మీద తిరుగుతూ యాసిడ్ అమ్మేవాడు పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చింది అది. బాబు మియా వచ్చేలోపు ఆ పర్సు లోపలే కరిగిపోవాలి. సగం సీసా గుమ్మరించింది. బుసబుసమని పొగ లేచి కళ్ళు, ముక్కు మండిపోయాయి. ఊపిరాడక, సీసాను పీట పక్కన పెట్టి, మూత ఎక్కడ పడిందో చూసుకోకుండా, దగ్గుతూ వంటింట్లోకి పరుగెత్తి ముఖం మీద నీళ్ళు చల్లుకుంది.

కొంగు ఎవరో లాగారు.

"పర్సా!" అన్నాడు చందు.

"పో! పర్సు లేదు, గిర్సు లేదు!"

"పర్సా, పర్సా!" వాడు కాళ్ళు దగ్గరికి చేర్చుకుని, కొంగును రెండు పిడికిళ్ళతో పట్టి బాత్రూం వైపు ఈడుస్తున్నాడు.

"అదే నువ్వు చేసిన ఘనకార్యం. రా, సూపిస్త, రా!" అంటూ వనజ వాడి వెంట నడిచింది.

బాత్రూంలో భవ్య ఉంది. నిద్ర లేచి, తల్లిని లేపకుండా, తనంతట తానే వచ్చినట్టుంది. పీట మీద కూర్చుని, కూల్‌డ్రింక్ సీసాను రెండు చేతులతో ఎత్తి నోటి దాకా తెచ్చుకుంటోంది.

వనజ అరవలేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి ఒంపుకుంటుంది. ఒక్క అంగలో వెళ్ళి సీసా మెడ పట్టి పైకి లాగేసింది. సీసా ఊగి, నాలుగు చుక్కలు తన కుడికాలి మీద పడ్డాయి. అప్పుడు అరిచింది.

మమత పరుగెత్తుకొచ్చింది. బిడ్డ నోరు చూసింది, చేతులు చూసింది, గౌను చూసింది. ఏమీ కాలేదు. బిడ్డను హాల్లో కూర్చోబెట్టి వచ్చి, నల్లా తిప్పి, మగ్గు మీద మగ్గు వనజ కాలి మీద నీళ్ళు పోస్తూనే ఉంది. చందు గోడకు ఆనుకుని, తడిసిన నిక్కరుతో బిక్కముఖం వేసుకుని చూస్తున్నాడు.

మగ్గు పక్కన పెట్టి మమత అడిగింది. "సీసా ఎవరు దించిండ్రక్కా?"

"నేనే. జామ్ పోతదేమోనని పోసిన."

ఇప్పుడు తిడుతుంది అనుకుంది వనజ. తిడితే బాగుండు, తానూ నాలుగు మాటలు అనొచ్చు. మమత సీసాకు మూత వెతికి పెట్టి, సజ్జ మీదికి ఎక్కించింది. సాయంత్రం మగవాళ్ళు అడిగినప్పుడు, "బాత్రూం కడుగుతాంటే అక్క కాలు మీద పడ్డది" అని ఊరుకుంది. వనజ ఆ మాట విని పక్కకు తిరిగి కూర్చుంది. మంచితనంలో కూడా మమతే ముందు.

మరునాడు బాబు మియా వచ్చాడు. తెల్లగడ్డం, భుజాన సంచి. కమోడ్‌లోకి చూసి ముక్కు మూసుకున్నాడు.

"యా అల్లా, యాసిడ్ ఎవరు పోసిండ్రు?"

వనజ కుడికాలిని చీర అంచు కిందికి లాక్కుంది.

"బొమ్మలు గిమ్మలు యాసిడ్‌కు కరుగుతయా అమ్మా? జాయింట్లల్ల సిమెంట్ కరుగుతది. ఇగ నా చేతులు కరుగుతయ్. పిల్లలున్న ఇంట్ల మూతకు తాళమన్న ఉండాలె, లేకుంటే కాపలన్న ఉండాలె."

"బెల్టు ఉన్నది చాచా" అంది మమత నెమ్మదిగా. "అప్పుడప్పుడు మరుస్తం."

ఆ "మరుస్తం" అన్న మాటలో మమత తననూ కలుపుకుంది. వనజ పళ్ళు బిగించింది.

లోపలికి పంపిన స్ప్రింగు తీగ దేనికో తట్టుకుని ఆగిపోయింది. బాబు మియా కమోడ్ బోల్టులు విప్పి, భానుప్రసాద్ సాయం పట్టగా మొత్తం పైకెత్తి పక్కకు వంచాడు. కొక్కెం పెట్టి లాగితే, వంపులో ఇరుక్కున్నది జారి నేల మీద పడింది. ఎర్రగా, ఉబ్బి, నోరు తెరుచుకుని ఉంది.

"గిది నీ పర్సు గాదే?" అన్నాడు భానుప్రసాద్.

మమత తల తిప్పుకుంది. నవ్వలేదు. బాతు సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే వనజ చెవుల్లో హోరుమంది.

సరిగ్గా అప్పుడే చందు వచ్చి తల్లి కొంగు పట్టాడు. "పర్సా!"

"అగో నీ పర్సు! తీస్కో! మెడల కట్టుకో!" వనజ చెయ్యెత్తింది.

"ఠహరో, ఠహరో!" బాబు మియా తడిచేతినే అడ్డం పెట్టాడు. "పిల్లగాన్ని కొట్టకమ్మా. వాడు పర్సు అడుగుతలేడు. పరసాకడ అంటుండు."

"అంటే?"

"దొడ్డికి పోవుడు. మరాఠీ మాట. నేను పదేండ్లు కిన్వట్ దిక్కు పనిచేసిన, ఆడ పల్లెటూరి పిల్లలు గిట్లనే అంటరు. జల్దీ తీస్కపో బిడ్డా, లేకుంటే నా సామాన్ల మీదనే కానిస్తడు!"

వనజ ఎత్తిన చేతితోనే కొడుకును ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. జామచెట్టు పక్కన, మోరీ ఒడ్డున దించింది. వాడు తనంతట తానే నిక్కరు కిందికి జరుపుకుని, గొంతుక్కూర్చుని, పడిపోకుండా ఆమె కొంగు చివర పట్టుకున్నాడు. కాసేపటికి తలెత్తి, ఏ గోలా లేకుండా, పెద్దమనిషిలా "ఝాలా" అన్నాడు.

అది ఏ భాషైనా అర్థమయ్యే మాట. అయిపోయింది.

మూడు నెలలు. రోజుకు నాలుగుసార్లు వాడు చెబుతూనే ఉన్నాడు. తాను పర్సు చేతికిస్తూ ఉంది. వాడు ఆ పర్సును పట్టుకుపోయి, పోవాల్సిన చోటే పడేశాడు. వనజకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళల్లోంచి నీళ్ళూ వచ్చాయి.

"అక్కా, నీళ్ళు" అంటూ మమత మగ్గుతో వచ్చి వంగబోయింది.

"ఇటియ్యి. నేను కడుగుత" అని వనజ మగ్గు లాక్కుంది.

మేడంకు ఫోన్ చేస్తే, "ఏ భాషల చెప్తేంది, చెప్పుడు ముఖ్యం. ఆ మాటలు కాగితం మీద రాసియ్యిండ్రి, మా ఆయమ్మకు చూపిస్త" అంది. వనజ గుండెల మీది బరువు దిగింది. ఆ ఊపులోనే అత్తకు ఫోన్ కలిపింది.

"అత్తమ్మా, చందుకు గీ మరాఠీ మాటలు ఎవరు నేర్పిండ్రు?"

"అగో, సక్కుబాయే!" అంది శంకరవ్వ. "మహారాష్ట్ర కెల్లి వచ్చిన ముసలామె, మా పక్కింట్ల కూతురు దగ్గరుంటది. నేను చేనుకు పోతే పొద్దంత పెద్దాయిన ఆమె ఒళ్ళెనే. నెలరోజులల్ల నేర్పింది, మల్ల ఒక్క నిక్కరు తడుపలే. నీకు చెప్పలేనా?"

"చెప్పలే."

"నువ్వూ అడుగలే."

అంటే కొడుకు అన్నీ నేర్చుకునే వచ్చాడు. భవ్య కంటే ముందే నేర్చుకున్నాడు! ఈ మాట మమతకు వినబడేలా ఇంకోసారి గట్టిగా చెప్పించుకుందామనుకుంది వనజ. అంతలోనే సంతోషం సగంలో ఆగింది. నేర్పింది తాను కాదు. ముఖం కూడా తెలియని ఒక ముసలామె.

"ఆమెను పిలువు అత్తమ్మా. ఇంకేమేం మాటలు నేర్పిందో రాసుకుంట."

సక్కుబాయి గొంతు సన్నగా, నవ్వు కలిసి ఉంది. ఒక్కొక్కటే చెప్పింది. భూక్ అంటే ఆకలి. దూద్ అంటే పాలు. ఝోప్ అంటే నిద్ర.

"ఝోప్ అంటే నిద్రనా?" వనజ పెన్ను ఆగింది. నిద్రొస్తోందని ఏడ్చిన పిల్లాడి జేబులో పుట్నాలు పోసింది తను.

ఫోన్లోంచి వస్తున్న ఆ గొంతు విని చందు ఆటసామాన్లు వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఫోన్‌ను రెండు చేతులతో లాక్కుని, "ఆయీ! ఆయీ!" అని అరిచాడు. అవతల ముసలామె "బాళా!" అంది. వాడు కిలకిల నవ్వుతూ నేల మీద దొర్లాడు. ఊరి నుంచి వచ్చాక వాడు అలా నవ్వడం వనజ చూడలేదు.

ఫోన్ తీసుకుని అడిగింది. "ఆయి అంటే ఏందవ్వా?"

అవతల కాస్త తడబాటు. "అమ్మ, బాయి. నేను నేర్పలే. వాడే అట్ల పిలిచిండు."

వనజ సరే అని ఫోన్ పెట్టేసింది.

మమత నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి తెచ్చి పక్కన కూర్చుంది. "మేడంకు ఇచ్చేది గద, మంచిగ రాద్దామక్కా. నేను రాయన్నా?"

"నేను రాస్త."

ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాసింది. పర్సా, దొడ్డికి. ఝాలా, అయిపోయింది. భూక్, ఆకలి. దూద్, పాలు. ఝోప్, నిద్ర. రాసిందంతా మమత పైకి చదివి, వేలుతో లెక్కపెట్టింది.

"అయిదేనా అక్కా? ఇంకోటేదో అన్నడు గద వాడు ఫోన్ల?"

"ఏం లేదు. గంతే" అంది వనజ, కాగితాన్ని నాలుగు మడతలు పెడుతూ.